వెబ్ వాకిలి: ఎవరి సాయం లేకుండా వాడుకునే పేజీలు

చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, చేతులు సరిగా స్వాధీనంలో లేనివాళ్లు కూడా తమ పని తామే చేసుకునేలా వెబ్‌సైట్ ఎలా కట్టాలో అడగమని కిందటి సంచికలో రాశాను. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. ప్రశ్నల్ని కొంచెం కుదించి ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట: నేను అమలాపురంలో ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తాను. బటన్లు, ఫారాలు, మెనూలు, క్యాలెండర్లు లాంటి విడిభాగాలు తయారుచేయడం నా పని. వాటిని మిగతా టీములు తీసుకెళ్లి తమ పేజీల్లో పెట్టుకుంటాయి. కాబట్టి ఒక బటన్‌లో లోపం ఉంటే అది పెట్టిన ప్రతి పేజీకీ పాకుతుంది, సరిచేస్తే అన్నీ ఒకేసారి బాగుపడతాయి. ఈ పని మీద నాకున్న ఇష్టానికి అదే కారణం.

ప్రశ్న: మేడమ్ గారూ, మాకు నర్సరీ ఉంది. వెబ్‌సైట్ నేనే చేశాను. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, "బాబూ, నాకు చూపు లేదు. మొక్క పేరు, ధర వినిపిస్తున్నాయి గానీ కొనే దారి దొరకట్లేదు" అన్నారు. నా ఫోన్లో అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. తేడా ఎక్కడుంది?
– బీటెక్ విద్యార్థి, కడియపులంక

జవాబు: నువ్వు పంపిన పేజీ తెరిచి చూశాను బాబూ. "బుట్టలో వేయి" అన్న చోట నువ్వు బటన్ పెట్టలేదు. డివ్ అనే ఖాళీ డబ్బాకి ఆకుపచ్చ రంగు వేసి, లోపల బుట్ట బొమ్మ పెట్టి, నొక్కితే పనిచేసేలా జావాస్క్రిప్ట్ రాశావు. కంటికి అది బటనే. చూపు లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్‌ఓవర్, విండోస్ కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు వాడతారు. ఇవి ఏ వస్తువు ఏమిటో బ్రౌజర్‌ని అడిగి తెలుసుకుని పైకి చదువుతాయి. నీ డివ్ గురించి బ్రౌజర్ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అందుకే ఆయనకి మల్లె మొక్క పేరు వినిపించింది, ధర వినిపించింది, ఆ వెంటనే పక్కనున్న నందివర్ధనం పేరు వినిపించింది. మధ్యలో కొనే దారి ఉందని ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

దాన్ని తీసేసి అసలైన బటన్ ట్యాగ్ (ఇది బటన్ అని బ్రౌజర్‌కి చెప్పే కోడ్ గుర్తు) పెట్టు. ట్యాబ్ కీ కొట్టుకుంటూ వచ్చేవాళ్లు దాని దగ్గర ఆగుతారు. ఎంటర్ నొక్కినా, స్పేస్ నొక్కినా పనిచేస్తుంది. స్క్రీన్ రీడర్ "బటన్" అని పలుకుతుంది. ఇవన్నీ నువ్వు ఒక్క లైను కూడా రాయకుండానే వస్తాయి. డివ్‌తోనే చేస్తానంటే అది బటనని తెలిపే రోల్ చెప్పాలి, ట్యాబ్ కీ అక్కడ ఆగేలా ట్యాబ్‌ఇండెక్స్ పెట్టాలి, రెండు కీలకూ కోడ్ రాయాలి. అందులో ఒకటి మర్చిపోయినా ఎవరో ఒకరు అక్కడ ఆగిపోతారు. రంగు, గుండ్రటి అంచులు, నీడ, నీకు నచ్చినవన్నీ పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌తో బటన్ ట్యాగ్‌కీ పెట్టుకోవచ్చు.

ఇక ఆ బటన్‌కి పేరు కావాలి. లోపల బొమ్మ ఒక్కటే ఉంటే టాక్‌బ్యాక్ "అన్‌లేబుల్డ్, బటన్" అని ఊరుకుంటుంది. బొమ్మ పక్కన "బుట్టలో వేయి" అని అక్షరాల్లో రాయి, కనపడేవాళ్లకీ అదే తేలిక. తెర మీద కనపడకుండా స్క్రీన్ రీడర్‌కి పేరు చెప్పే ఏరియా-లేబుల్‌లో "బుట్టలో వేయి, మల్లె మొక్క" అని మొక్క పేరు కూడా చేర్చు. ఎందుకంటే ఎన్‌వీడీఏ వాడేవాళ్లు బి కీ కొట్టుకుంటూ ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి దూకుతూ పోతారు. వరసగా అన్నీ "బుట్టలో వేయి", "బుట్టలో వేయి" అంటుంటే ఏది ఏ మొక్కదో ఎలా తెలుస్తుంది?

నొక్కాక ఏం జరుగుతుందో చూద్దాం. పై మూలన చిన్న అంకె సున్నా నుంచి ఒకటికి మారుతుంది. అది నీకు కనపడింది కాబట్టి పని అయిందని నీకు తెలుసు. ఆయనకి ఏమీ వినపడదు. పడలేదేమోనని మళ్లీ నొక్కుతారు, ఇంకోసారి నొక్కుతారు, చివరికి ఒకటి కావాల్సినచోట మూడు మొక్కలకి బిల్లు వస్తుంది. పేజీలో ఒక మూల రోల్ స్టేటస్ అని పెట్టిన చిన్న చోటు ఉంచి, మొక్క చేరగానే అందులో "మల్లె మొక్క బుట్టలో చేరింది, మొత్తం 1" అని రాయించు. ఆయన ఉన్నచోటు నుంచి కదలకుండానే ఆ మాట వినిపిస్తుంది. ఒక జాగ్రత్త: ఆ చోటు పేజీ తెరుచుకున్నప్పుడే ఖాళీగా సిద్ధంగా ఉండాలి. అప్పటికప్పుడు పుట్టించి మాట వేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు పలకవు.

అడ్రస్ ఫారంలో పెట్టెల లోపల లేత బూడిద రంగులో "పిన్‌కోడ్", "వీధి" అని రాసి లేబుళ్లు మానేశావు. ఒక్క అక్షరం టైపు చేయగానే అవి మాయమైపోతాయి. జ్ఞాపకశక్తి తగ్గినవాళ్లు ఏ పెట్టెలో ఏం రాస్తున్నారో మర్చిపోతారు. ప్రతి పెట్టె పైనా లేబుల్ ట్యాగ్ పెట్టి, ఫర్ అనే గుణంతో ఆ పెట్టెకి ముడివేయి. అప్పుడు లేబుల్ మీద నొక్కినా పెట్టె తెరుచుకుంటుంది, చేయి వణికేవాళ్లకి నొక్కే చోటు పెద్దదవుతుంది. తప్పు రాసినప్పుడు అంచు ఎర్రబడితే సరిపోదు. "పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి" అని మాటల్లో రాసి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బై అనే గుణంతో ఆ పెట్టెకి జతచేయి.

ఇంకొకటి. సీఎస్ఎస్‌లో అవుట్‌లైన్ నన్ అని రాసి, ఫోకస్ (కీబోర్డుతో ఇప్పుడు చేరుకున్న చోటు) చుట్టూ వచ్చే గీత తీసేశావు. అది అందవికారంగా ఉందని అనిపించి ఉంటుంది. మౌస్ పట్టుకోలేక కీబోర్డు మీదే ఆధారపడ్డ మనిషికి తాను పేజీలో ఎక్కడున్నాడో చెప్పేది ఆ గీత ఒక్కటే. ఈ రోజే తిరిగి పెట్టు.

ప్రశ్న: రాజమండ్రిలో మాది డీటీపీ సెంటర్. ఒక గుడి కమిటీకి వెబ్‌సైట్ చేసిపెట్టాం. ఉత్సవాల వివరాలు అనూ ఫాంట్‌లో కొట్టి పీడీఎఫ్‌గా ఎక్కించాం. చూపు లేని ఒక భక్తుడు, "ఫోన్ ఏవో ఇంగ్లిష్ అక్షరాలు గజిబిజిగా చదువుతోంది, తెలుగు అస్సలు లేదు" అంటున్నారు. తెర మీద మాకు చక్కటి తెలుగు కనపడుతోంది కదండీ?
– డీటీపీ ఆపరేటర్, రాజమండ్రి

జవాబు: ఇంగ్లిష్ పుస్తకాల్లో దొరకని చిక్కు ఇది. మన జిల్లాల్లో మాత్రం ప్రతి రెండో పీడీఎఫ్‌లోనూ ఇదే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

అనూ లాంటి పాత డీటీపీ ఫాంట్లలో జరిగేది ఏమిటంటే, ఫైల్లో దాచేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. ఫాంట్ మాత్రం ఆ కోడ్ దగ్గర తెలుగు అక్షరం బొమ్మ గీసి చూపిస్తుంది. ప్రింటుకి అది సరిపోయింది, ఎందుకంటే కాగితం మీద పడేది బొమ్మే. స్క్రీన్ రీడర్ బొమ్మని వదిలేసి కోడ్‌ని చదువుతుంది. ఆ భక్తుడికి వినిపించింది సరిగ్గా మీ ఫైల్లో ఉన్నదే. గూగుల్‌లో వెతికినా మీ గుడి వివరాలు దొరకనిది ఇందుకే.

ప్రతి భాష అక్షరాలకీ విడివిడిగా కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి సొంత చోటు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. యూనికోడ్‌లో కొట్టిన "అ" ఏ ఫోన్లోనైనా, ఏ ఫాంట్‌లోనైనా "అ"యే. స్క్రీన్ రీడర్ దాన్ని తెలుగులో పలుకుతుంది. పాత మేటర్ మొత్తం మళ్లీ కొట్టక్కర్లేదు, అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కాకపోతే మార్చాక ప్రూఫ్ చూడాల్సిందే. ఒత్తులు, ముఖ్యంగా రెండు ఒత్తులు పడే "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలు అక్కడక్కడా తారుమారవుతాయి. ప్రింటు పనికి మీ పాత ఫాంట్ వాడుకోండి, నేనేమీ అనను. వెబ్‌లోకి వెళ్లే మేటర్ మాత్రం యూనికోడ్‌లోనే ఉండాలి, వీలైతే పీడీఎఫ్ మానేసి నేరుగా పేజీలో ఉండాలి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

మీ ఫైల్ ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే ఆ భక్తుడికీ తెలుగే వినిపిస్తుంది. గజిబిజి వస్తే ఆయన వింటున్నది అదే. లైను సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన ఫోటో అన్నమాట, అప్పుడు ఆయనకి ఏమీ వినపడదు.

పేజీ మొదట్లో భాష చెప్పే లాంగ్ గుణం కూడా చూడండి. రెడీమేడ్ టెంప్లేట్లలో అక్కడ ఇంగ్లిష్ అని ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. దాంతో స్క్రీన్ రీడర్ తెలుగు లైన్లని ఇంగ్లిష్ గొంతుకి అప్పగిస్తుంది, కొన్ని గొంతులు తెలుగు అక్షరాల్ని చడీచప్పుడు లేకుండా దాటేస్తాయి. తెలుగు కోడ్ టీ, ఈ అనే రెండు చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలు. అవి పెట్టండి.

బటన్ల ఎత్తు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంగ్లిష్ డిజైన్ తీసుకుని అందులో తెలుగు పోస్తే కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి. ఎత్తు ఇన్ని పిక్సెళ్లని బిగించకండి. లోపల చుట్టూ ఖాళీ వదిలి, అక్షరం పెరిగితే బటన్ కూడా పెరిగేలా రాయండి. చూపు తగ్గిన పెద్దవాళ్లు అక్షరాల్ని రెట్టింపు చేసుకుని చదువుతారు. 200 శాతానికి పెంచి చూడండి. "దర్శనం టికెట్లు" అన్న మాటలో "ట్లు" కింద సగం కనపడకపోతే వాళ్లకీ కనపడదు.

ప్రశ్న: అక్కా, మా అత్తగారూ నేనూ పూతరేకులు చేసి ఆన్‌లైన్లో అమ్ముతున్నాం. ఫోటోలకి ఆల్ట్ అనే చోట ఏదో రాయాలంటున్నారు. ఏం రాయాలి?
– ఆత్రేయపురం నుంచి ఒక గృహిణి

జవాబు: ఆల్ట్ అంటే బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివి వినిపించే మాటలు. ఫోన్లో ఆర్డర్ ఇచ్చేవాళ్లకి పెట్టె గురించి ఎలా చెబుతావో అలాగే రాయమ్మా. "బెల్లం, నెయ్యి, జీడిపప్పు పెట్టిన పూతరేకులు, పది ఉన్న పెట్టె" చాలు. "ఫోటో" అని మళ్లీ రాయక్కర్లేదు, బొమ్మ అని స్క్రీన్ రీడరే చెబుతుంది. అలంకారానికి పెట్టిన పూల గీతలకి ఆల్ట్ ఖాళీగా వదిలేయి. ఖాళీగా ఉంచడం వేరు, అసలు పెట్టకపోవడం వేరు. పెట్టకపోతే కెమెరా ఇచ్చిన ఫైల్ పేరు, అంకెలు అన్నీ చదువుకుంటూ పోతుంది.

మీ పేజీలో నాకు ఇబ్బందిగా అనిపించింది ఇంకోటి. సంక్రాంతి ధరలన్నీ ఒక పోస్టర్ బొమ్మలో ఉన్నాయి, ఆ పోస్టర్ దానంతట అదే పక్కకి జరిగిపోతోంది. ధరలు అక్షరాల్లో పేజీ మీద రాయించు. జరిగే బొమ్మల కింద ఆపే బటన్ పెట్టించు. 5 సెకన్లకి మించి కదిలేది ఏదైనా ఆపుకునే వీలుండాలని వెబ్ పేజీలు దివ్యాంగులకీ అందేలా ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లోనే ఉంది. నెమ్మదిగా చదివేవాళ్లు ఒక లైను పూర్తిచేసేలోపే అది వెళ్లిపోతుంది.

ప్రశ్న: రొయ్యల ధరలు రోజూ చూపించే పేజీ నడుపుతున్నాం. ధర పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. దీన్ని దివ్యాంగుల కోసం మార్చాలా అని మా భాగస్వామి అడుగుతున్నారు. చెరువుల మీద చూపు లేని రైతులు ఎంతమంది ఉంటారండీ?
– ఆక్వా వ్యాపారి, భీమవరం

జవాబు: మీ భాగస్వామి గారు తలలు లెక్కపెట్టే ముందు ఒక రోజు మధ్యాహ్నం చెరువు గట్టు మీద నిలబడి ఆ పేజీ చూడమనండి. ఎండ ఫోన్ మీద పడుతుంటే తెలుపు మీద లేత బూడిద అక్షరాలు ఆయనకీ కనపడవు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలన్నది ప్రమాణం, పెద్ద అక్షరాలకి 3కి 1. 777777 అనే కోడ్ ఉన్న బూడిదరంగు తెలుపు మీద 4.48 దగ్గర ఆగిపోతుంది. ఒక్క పిసరు చిక్కగా 767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. మీరు వాడుతున్నది వీటికంటే చాలా లేత రంగు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు, చాలామందికి ఆ సంగతి వాళ్లకే తెలియదు. ధర పడిందో లేచిందో తెలియక రొయ్యల పట్టుబడి ఒక రోజు వాయిదా వేస్తే పోయేది రైతు డబ్బు. రంగు అలాగే ఉంచండి, పక్కన "పెరిగింది 10", "తగ్గింది 5" అని రాయండి. అంతే మార్పు.

పట్టిక సంగతి. మీరు గీతలు గీసి పట్టికలా కనిపించేట్టు చేశారు. అసలైన టేబుల్ ట్యాగ్ వాడి, పై వరసలో ఊరు, పక్క వరసలో కిలోకి ఎన్ని రొయ్యలో చెప్పే 30 కౌంటు, 50 కౌంటు, 100 కౌంటు అని శీర్షిక గళ్లుగా రాస్తే, చూపు లేని మనిషి ఏ గడిలోకి వెళ్లినా "50 కౌంటు, భీమవరం", ఆ తర్వాత ధర వినిపిస్తాయి. ఇప్పుడు మీ పేజీలో వినిపించేది ఉత్త అంకెల వరస. చూపు పోయినంత మాత్రాన చెరువు, అప్పు, వ్యాపారం ఎక్కడికీ పోవు. షుగర్‌తో చూపు పోగొట్టుకున్నవాళ్లలో నిన్నటిదాకా గట్ల మీద తిరిగినవాళ్లే ఉంటారు.

ప్రశ్న: నాకు పుట్టుకతో చూపు లేదు. బీఈడీ చదువుతున్నాను. ఫోన్ బాగా వాడతాను. ఫీజు కట్టే పేజీలో వంకర అక్షరాల క్యాప్చా వస్తుంది, దాటలేను. ఓటీపీ కొట్టేలోపు టైమ్ అయిపోతుంది. ప్రతిసారీ హాస్టల్లో ఎవరో ఒకరి చేతికి ఫోన్ ఇవ్వాల్సి వస్తోంది. చట్టంలో మాకు ఏమైనా దారి ఉందా?
– రామచంద్రపురం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఉందమ్మా. చట్టం దగ్గరికి వచ్చే ముందు నువ్వు రాసిన ఆఖరి మాట దగ్గర ఆగుతాను, ఎందుకంటే నేను ఈ పని పట్టుకుని ఉండటానికి కారణం అదే.

మా బాబాయి అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడు. షుగర్ వల్ల చూపు పోయింది. టాక్‌బ్యాక్ నేర్చుకున్నాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేను అందుకోలేనంత వేగంగా వింటాడు. ఒక చెల్లింపు పేజీలో ఓటీపీకి ఆరు చిన్న గళ్లు ఉన్నాయి. ఆయనకి వినిపించింది "ఎడిట్ బాక్స్, ఎడిట్ బాక్స్, ఎడిట్ బాక్స్..." ఒక అంకె కొట్టగానే పక్క గడిలోకి దానంతట అదే దూకుతుంది, ఎక్కడున్నాడో చెప్పదు. మెసేజ్‌లో అంకెలు వినడానికి బయటికి వెళ్లి వచ్చేసరికి మొదటి గడికి తెచ్చి పడేస్తుంది. కాపీ చేసి పేస్ట్ చేద్దామంటే ఒప్పుకోదు. "ఇంతకాలం వ్యాపారం చేశానే అమ్మాయ్, ఎవడికీ నా లెక్క చెప్పలేదు. ఇప్పుడు ఎదురుకొట్టు కుర్రాడికి నా బ్యాంకులో ఎంతుందో తెలుసు" అన్నాడు. ఆ కుర్రాడు మంచివాడే. అయినా బాబాయి లెక్క బాబాయిదే.

ఆ గడులు కట్టేవాళ్లు ఈ పేజీ చదువుతుంటే వినండి. ఆరు గళ్లు తీసేసి ఒకే పెట్టె పెట్టండి. "ఓటీపీ, 6 అంకెలు" అని లేబుల్ ఇవ్వండి. ఆటోకంప్లీట్ అనే గుణంలో వన్-టైమ్-కోడ్ అని రాస్తే మెసేజ్‌లో వచ్చిన అంకెల్ని ఫోనే అందిస్తుంది. పేస్ట్ ఆపకండి. 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2, వేరే దారి ఇవ్వకుండా లాగిన్ కోసం మనిషి జ్ఞాపకశక్తిని, అక్షరాలు పోల్చుకునే శక్తిని పరీక్షించకూడదని చెబుతోంది. గడువు పెడితే అది అయిపోయేలోపు చెప్పి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని అంతకుముందు వెర్షన్లలోనే ఉంది.

ఇక చట్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 42వ సెక్షన్ సమాచార, ఎలక్ట్రానిక్ మాధ్యమాల గురించి. 46వ సెక్షన్ ప్రకారం సేవలందించేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందుబాటు నియమాలు పాటించాలి. ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల రూపాయల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే కేవైసీలో కళ్లు ఆర్పి చూపించలేక ఆగిపోతున్నారన్నది ఆ కేసు. కోర్టు 20 ఆదేశాలిచ్చింది.

నువ్వు చేయాల్సింది: ఆ పేజీ అడ్రస్, తేదీ, ఏ ఫోన్, ఏ స్క్రీన్ రీడర్, ఏ చోట ఏం వినిపించి ఆగిపోయావో నాలుగు లైన్లలో రాసి ముందు కాలేజీకీ, ఫీజు పేజీ నడిపేవాళ్లకీ పంపు. "పనిచేయట్లేదు" అని రాస్తే "మాకు పనిచేస్తోంది" అని జవాబొస్తుంది. "క్యాప్చాకి వినిపించే మార్గం లేదు, వేరే మార్గం కావాలి" అని రాస్తే తప్పించుకోవడం కష్టం. కదలకపోతే అవే కాగితాలు జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఉత్తరం రాయడంలో సాయం కావాలంటే పత్రిక అడ్రస్‌కి రాయి, నేను చూసిపెడతాను.

ప్రశ్న: ఒక్క లైను కోడ్ పెడితే సైట్ మొత్తం దివ్యాంగులకి అనువుగా మారిపోతుందని ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తున్నారు. కొనమంటారా?
– స్కూల్ కరస్పాండెంట్, పాలకొల్లు

జవాబు: వద్దు. మూలన ఒక మనిషి బొమ్మ, నొక్కితే అక్షరాలు పెద్దవయ్యే బటన్లు, అంతే వచ్చేది. అక్షరాలు పెంచుకోవడం, చదివించుకోవడం అవసరమైనవాళ్ల ఫోన్లో ముందే ఉంటాయి. మీ ఫారానికి లేబుల్ లేకపోతే అందులో ఏం అడుగుతున్నారో బయటి కోడ్ ఊహించి చెప్పాలి, ఆ ఊహ తప్పితే పిల్లవాడి పుట్టిన తేదీ చోట చేరే తేదీ పడుతుంది. ఇలాంటి టూల్ ఏ సైట్‌నైనా ప్రమాణాలకి తగ్గట్టు మార్చేస్తుందని ప్రచారం చేసుకున్న ఒక సంస్థతో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది. ఆ కోడ్‌కి పెట్టే డబ్బుతో మీ అడ్మిషన్ ఫారం బాగుచేయించండి.

ప్రశ్న: పాపికొండల బోటు టికెట్ల పేజీ చేస్తున్నాను. తేదీకి క్యాలెండర్, సీట్లకి బోటు బొమ్మ మీద చిన్న చిన్న గళ్లు. చూపు లేనివాళ్లు సీటు ఎలా ఎంచుకుంటారో తోచడం లేదు.
– ఫ్రీలాన్స్ డెవలపర్, రావులపాలెం

జవాబు: సీటు అంటే ఒక చెక్‌బాక్స్ అనుకోండి, చిక్కుముడి విడిపోతుంది. ప్రతి సీటూ నిజమైన చెక్‌బాక్స్, దానికి "12, కిటికీ పక్క, కింది అంతస్తు" అని లేబుల్. ఒక అంతస్తు సీట్లన్నీ ఫీల్డ్‌సెట్ అనే గుంపు ట్యాగ్‌లో పెట్టి, దాని శీర్షికైన లెజెండ్‌లో ఆ అంతస్తు పేరు రాయండి. పైన మీ బోటు బొమ్మ సీఎస్ఎస్‌తో ఎంత అందంగా ఉన్నా ఫరవాలేదు. నిండిన సీటుని ఎర్రగా చూపిస్తే చాలదు, డిసేబుల్ చేయండి, దాని మీద అడ్డంగా గీత కూడా గీయండి. నొక్కే చోటు 24 పిక్సెళ్లకి తగ్గకూడదన్నది కనీస ప్రమాణం. నేనైతే 44 పెడతాను, చేతులు వణికే పెద్దవాళ్లూ యాత్రలకి వస్తారు. వీల్‌చైర్‌తో ఎక్కగలరా లేదా అన్నది సీట్ల పేజీలోనే మాటల్లో రాయండి, ఫోన్ చేసి కనుక్కోవాల్సిన అవసరం లేకుండా.

క్యాలెండర్ పక్కన తేదీ టైపు చేసుకునే పెట్టె తప్పకుండా ఉంచండి. క్యాలెండర్ తెరిస్తే ఫోకస్ దాని లోపలికి వెళ్లాలి, బాణం కీలతో రోజులు మారాలి, పేజ్ అప్, పేజ్ డౌన్‌తో నెలలు మారాలి, ఎస్కేప్ కొడితే మూసుకుని, తెరిచిన బటన్ దగ్గరికే తిరిగి రావాలి. డైలాగ్ ట్యాగ్‌ని షోమోడల్‌తో తెరిస్తే వెనక పేజీలోకి ఫోకస్ జారిపోకుండా బ్రౌజరే చూసుకుంటుంది.

ప్రశ్న: మా కాలేజీ ప్రాజెక్టుకి ఇవన్నీ పెట్టాం. సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించడం ఎలా?
– విద్యార్థుల బృందం, కాకినాడ

జవాబు: మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతో మొదటి నుంచి చివరిదాకా ఒక పని పూర్తిచేయండి. తర్వాత ఎన్‌వీడీఏ దింపుకోండి, ఉచితం. చూపు లేని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టినది. ఫోన్లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. కుడివైపుకి వేలు జరిపితే తర్వాతి వస్తువు, రెండుసార్లు తడితే నొక్కినట్టు. అలవాటయ్యాక కళ్లు మూసుకుని వినండి. లైట్‌హౌస్, యాక్స్ లాంటి ఆటోమేటిక్ టూల్స్ నడపండి, కానీ అవి కొన్ని లోపాలనే పట్టగలవు. ఆల్ట్ ఉందో లేదో చెబుతాయి, అందులో రాసింది నిజమో కాదో చెప్పలేవు.

అన్నీ అయ్యాక స్క్రీన్ రీడర్ రోజూ వాడే మనిషిని పిలవండి. పని చెప్పి పక్కన కూర్చోండి, "ఇక్కడ నొక్కండి" అని దారి చూపించకండి. ఎక్కడ ఆగారో, ఏది రెండుసార్లు విన్నారో రాసుకోండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి, వచ్చిపోయే ఖర్చులు వేరుగా ఇవ్వండి.

వచ్చే సంచికకి ప్రశ్నలు పంపేవాళ్లు స్క్రీన్‌షాట్‌తో పాటు పేజీ అడ్రస్ కూడా రాయండి. బొమ్మలో నాకు కోడ్ కనపడదు. అడ్రస్ ఇవ్వడం కుదరకపోతే బటన్‌కో ఫారానికో సంబంధించిన కోడ్ ముక్క చాలు.